చేతికి తగ్గ పార... పెరటికి తగ్గ కత్తెర!

"ఇక నావల్ల కాదే అమ్మాయ్! మేస్త్రిని పిలిచి పెరడంతా సిమెంటు చేయించేస్తా. చెత్తా ఉండదు, చాకిరీ ఉండదు."

కిందటేడు ఉగాదికి తెనాలి వెళ్ళినప్పుడు మా పిన్ని అన్న మాట ఇది. నా గుండె గుభేలుమంది. ఆ పెరడంటే ఏమనుకున్నారు? ముప్ఫయ్యేళ్ళ నాటి కరివేపాకు చెట్టు, రెండు జామలు, ఓ నిమ్మ, నూతి పక్కన మల్లెపొదలు. వాకిట్లో బాబాయి ముచ్చటపడి వేయించిన పచ్చిక. బాబాయి పోయి మూడేళ్ళయింది. అప్పట్నుంచీ ఆ పని అంతా పిన్ని ఒక్కతే చూసుకుంటోంది. నేను వెళ్ళేసరికి కుడి మణికట్టుకి గుడ్డ చుట్టుకుని కూర్చుంది. డాక్టరుగారు కొన్నాళ్ళు పార పట్టుకోవద్దన్నారట.

వెనక గది తలుపు తీసి చూశాక గానీ అసలు సంగతి నాకు బోధపడలేదు. అందులో ఉన్న పార బాబాయిది. ఆయన ఆరడుగుల మనిషి, పిన్ని అయిదడుగులకి కూడా ఓ అంగుళం తక్కువే. ఆ పార కామ పట్టుకుంటే ఆవిడ వేళ్ళు కలవవు. గునపం ఎత్తాలంటే రెండు చేతులూ చాలవు. కొమ్మలు కత్తిరించే కత్తెర తెరిచి పట్టుకుంటే రెండో పిడి వేలి కొసలకి తగిలీ తగలనట్టు ఉంటుంది. పక్కనే, హైదరాబాదు నుంచి కొడుకు పంపిన కరెంటు గడ్డికోత మిషను. అట్టపెట్టె కూడా విప్పలేదు! "ఆ తీగ వాకిలి చివరిదాకా రాదు. వచ్చినా నాకు భయమే" అంది పిన్ని.

చెప్పులు కొనేటప్పుడు కాలి కొలత చూస్తాం. గాజులకి చేతి కొలత ఇస్తాం. పార దగ్గరకొచ్చేసరికి మాత్రం ఇంట్లో ఉన్నదేదో పుచ్చుకుని దిగిపోతాం. తర్వాత నడుం పట్టేసిందనీ, చెయ్యి లాగేస్తోందనీ అమృతాంజనం రాసుకుంటూ, వయసు మీద పడిందని మనల్ని మనమే తిట్టుకుంటాం!

ఇది మా పిన్ని ఒక్కదాని గొడవే కాదు లెండి. మగవాళ్ళ కొలతలకి చేసిన పనిముట్లు ఆడవాళ్ళకి నప్పవన్న సంగతి శాస్త్రజ్ఞులూ ఒప్పుకున్నారు. భారత వ్యవసాయ పరిశోధన మండలి 1996లో ఆడవాళ్ళ సేద్యపు పనుల కోసమే ఓ జాతీయ పరిశోధన కేంద్రాన్ని మొదలుపెట్టింది. భువనేశ్వర్‌లో ఉన్న ఆ సంస్థ ఆడవాళ్ళ ఎత్తు, చేతి పట్టు, బలం కొలిచి మరీ ఏ పనిముట్టు ఎలా ఉండాలో చూస్తుంది. భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ 'నవీన్' అనే పేరుతో రంపపు పళ్ళున్న తేలిక కొడవలి తయారుచేసింది. పొలానికే అంత ఆలోచన అవసరమైతే పెరటికి అక్కర్లేదా?

మీ మట్టి ఏమిటి?

షాపుకి వెళ్ళే ముందు పెరట్లో ఓసారి తిరిగి రండి. మీది నల్లరేగడా, ఎర్రనేలా, ఇసుకా? నల్లరేగడి తడిస్తే పారకి జిగురులా అంటుకుంటుంది, ఎండితే రాయే. దానికి వెడల్పు పార కన్నా సన్నటి మొన ఉన్న గునపం, ఇనప వేళ్ళలాంటి నాలుగు పళ్ళున్న ముళ్ళపార మేలు. మట్టి పళ్ళ మధ్య నుంచి జారిపోతుంది కాబట్టి ఎత్తేటప్పుడు బరువుండదు. ఎర్రనేలలో గులకరాళ్ళుంటాయి, అక్కడ పలచటి రేకు పార వంకరపోతుంది. దళసరిది కావాలి. సముద్రం దగ్గర ఊళ్ళవాళ్ళు అదృష్టవంతులు. ఇసుక నేలకి చిన్న చేతిపార ఉంటే చాలు.

ఎంత మంచి పారయినా పదును చూసి తవ్వాలి. వాన పడ్డ మర్నాడు కాకుండా, మట్టి గుప్పిట్లో ముద్దయి, వేలితో తడితే పొడిగా రాలే రోజున తవ్వండి. సగం కష్టం తగ్గుతుంది. పిన్ని మణికట్టు దెబ్బతిన్నది నడి ఎండల్లో, బీటలు తీసిన నేలని తవ్వబోయినప్పుడేనట.

కొలిమి దగ్గర అరగంట

పార సంగతి తేల్చుకోవడానికి పిన్నిని వెంటబెట్టుకుని కమ్మరి దగ్గరికి వెళ్ళాను. ఆ పెద్దాయన బాబాయి పార చూసి నవ్వాడు. "ఇది కాలవ పని చేసేవాళ్ళ పార అమ్మగారూ. మీ మొక్కలకి ఇదెందుకు?" అన్నాడు. అందులో సగం వెడల్పున్న చిన్న పారకి తుమ్మ కర్రతో కామ వేసిచ్చాడు. పారలకీ గొడ్డళ్ళకీ కామ అంటే తుమ్మే. గట్టిది, దెబ్బకి తట్టుకుంటుంది, తొందరగా చీలదు.

కామ లావు ఎంతుండాలంటే ఓ చిన్న గుర్తు. గుప్పిట బిగించి పట్టుకుంటే బొటనవేలి కొస, మధ్యవేలి కొస ఒకదానికొకటి తగలాలి. తగలకపోతే లావెక్కువ, పట్టు కోసం మణికట్టు బిగుసుకుపోతుంది. ఒకదాని మీదొకటి బాగా ఎక్కిపోతే మరీ సన్నం, అరచెయ్యి బొబ్బలెక్కుతుంది. ఇక పొడవు. మన పార కామ పొట్టిగా ఉంటుంది కాబట్టి నడుం వంచక తప్పదు. తవ్వడానికి అదే సుఖం, దెబ్బ గురిగా పడుతుంది. కానీ పాదు చేయడం, కలుపు గీకడం, మట్టి దగ్గరికి లాగడం లాంటి పనులకి మాత్రం గుండెల ఎత్తు కర్ర ఉన్న చిన్న గుద్దలి పెట్టుకోండి. నిలబడే చేసుకోవచ్చు. నడుంనెప్పి ఉన్నవాళ్ళకి ఇదొక్కటి కొంటే చాలునంటాను నేను.

షాపులో కొనేవాళ్ళు రంగు చూసి మోసపోకండి. ఎర్రటి, పచ్చటి రంగుల కింద ఏముందో అదే ముఖ్యం. రేకూ, కామ దూర్చే గొట్టమూ కలిసేచోట చూడండి. అక్కడ ఒక చుక్క వెల్డింగుతో అతికించి ఉంటే మొదటి వేసవిలోనే ఊడిపోతుంది. రెండూ ఒకే ఇనుముతో సాగగొట్టినవైతే మీ కోడలి కాలం దాకా ఉంటుంది. వేలి కణుపుతో తట్టి చూడండి, ఖంగుమంటే మంచి ఇనుము, డబ్బాలా మోగితే పలచటి రేకు.

కలుపు తీసే బొరిగ (షాపుల్లో ఖుర్పీ అంటే ఇస్తారు) కొనేటప్పుడు దాని ఇనప తోక పిడి లోపలికి ఎంతదాకా వెళ్ళిందో అడగండి. పిడి మొదట్లో రోకలికి పొన్ను ఉన్నట్టు ఇనప కట్టు ఉండాలి. ఆ కట్టు లేకపోతే కర్ర చీలి, ఇనుము గిర్రున తిరిగిపోతుంది. తుంగ ఎక్కువగా ఉన్న పెరడయితే సన్నటి, పొడుగాటి బొరిగ తీసుకోండి. తుంగ ప్రాణం ఆకులో లేదు, మట్టిలోపలి గడ్డలో ఉంది. పైపైన చెక్కేస్తే వారం తిరక్కుండా మళ్ళీ నవ్వుతూ లేస్తుంది. గడ్డతో సహా పెళ్ళగించాల్సిందే.

వయ్యారిభామ సంగతి వేరు. దాన్ని పీకడానికి పనిముట్టు కన్నా ముందు చేతులకి తొడుగులు కావాలి. ఆ మొక్క తగిలితే కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి, దాని పుప్పొడికి ఆయాసం వస్తుంది. తెల్లపూలు రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు వేళ్ళతో సహా లాగేయండి.

కత్తెర కథ

పిన్ని ఇంట్లో నన్ను ఎక్కువ బాధపెట్టింది జామచెట్టు. కొమ్మలన్నీ కత్తిరించినట్టు లేదు, నలిపి విరిచినట్టుంది. చీలిన చోటల్లా ఎండు పట్టింది. మొండి కత్తెర చేసే పని ఇదే.

కొమ్మల కత్తెరల్లో రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో రెండు అలుగులూ మామూలు కత్తెరలాగే పక్కపక్కనుంచి జారుకుంటూ వెళతాయి. రెండోదాంట్లో ఒక్కటే అలుగు, అది కత్తిపీట మీద కూర పెట్టి తరిగినట్టు చదునైన దిమ్మ మీదకి వచ్చి దిగుతుంది. పచ్చి కొమ్మకి మొదటిది. రెండోది పచ్చి కొమ్మని నలుపుతుంది, ఎండు పుల్లలకి మాత్రం బ్రహ్మాండం. ఇంటికి ఒకటే కొనేటట్టయితే మొదటి రకమే కొనండి. కొనే ముందు కొట్లోనే పూర్తిగా తెరిచి పట్టుకోండి. నాలుగు వేళ్ళూ రెండో పిడి చుట్టూ వచ్చి పడాలి. వేలి కొసలు మాత్రమే అందుతుంటే, ఎంత పేరున్న కంపెనీదైనా అక్కడే పెట్టేయండి. ఎడమచేతి వాటం వాళ్ళకి వేరే కత్తెరలు వస్తాయి, మొహమాటపడకుండా అడగండి.

బొటనవేలంత లావు దాకా ఈ కత్తెరతో కోయొచ్చు. అంతకు మించిన కొమ్మని బలవంతాన నొక్కితే అలుగులు పక్కకి ఒరిగి, ఆ పైన పూలకాడ కూడా తెగదు. లావు కొమ్మలకి మడిచే చిన్న రంపం ఒకటి ఉంచుకోండి. చాలా రంపాలు లాగినప్పుడే కోస్తాయి, తోసినప్పుడు కాదు. అది తెలియక రెండువైపులా బలం పెట్టి అలిసిపోతాం. కొబ్బరిచెట్టు జోలికి మాత్రం వెళ్ళకండి. దానికి మనిషిని పిలవాల్సిందే.

గులాబీలకి వానలు వెనకబట్టాక అక్టోబరులో, మల్లెకి చలికాలంలో నీళ్ళు ఆపి ఆకు దూసి కత్తిరింపు వేస్తాం కదా. ఆ పనికి ముందు అలుగుని స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడవండి. నిమ్మకి గజ్జి తెగులు ఉంటే దాన్ని కోసిన కత్తెరతోనే పక్క నిమ్మ ముట్టుకోకూడదు. ఆస్పత్రిలో ఒకరి సూది ఇంకొకరికి వేయరుగా! కోసేటప్పుడు కంటికి అర సెంటీమీటరు పైన, నీళ్ళు జారిపోయేటట్టు ఏటవాలుగా కోయాలి.

నీళ్ళకీ బరువుంది

నీళ్ళు పోయడం తేలిక పని అనుకుంటాం. పది లీటర్ల రోజ్‌క్యాన్ నింపితే పది కిలోలు, డబ్బా బరువు అదనం. నూతి దగ్గర్నుంచి పది సార్లు తిరిగితే క్వింటాలు మోసినట్టే! పెద్దది ఒకటి కొనే బదులు అయిదు లీటర్లవి రెండు కొనుక్కుని చేతికొకటి పట్టుకోండి. ఒకవైపే ఒరిగి నడిచే బాధ తప్పుతుంది, నడుం ఊరుకుంటుంది.

పైపు కొనేటప్పుడు కూడా ఓ లెక్క ఉంది. ముప్పావు అంగుళం పైపు ముప్ఫయ్ మీటర్లు ఉంటే, అందులో నిండిన నీళ్ళే ఎనిమిది కిలోలకు పైగా తూగుతాయి. అర అంగుళంలో నాలుగు కిలోలు కూడా ఉండవు. చిన్న పెరటికి అర అంగుళం చాలు. లోపల దారపు అల్లిక ఉన్నదైతే మడత పడదు, ఎండకి తొందరగా పగలదు. పొడవు షాపువాడు చెప్పింది కాదు, కుళాయి నుంచి చివరి మొక్కదాకా చీర కొంగుతో కొలిచినా సరే, మీరు కొలిచిందే తీసుకోండి.

ఈ మధ్య తుపాకీలా నొక్కితే చిమ్మే గొట్టాలు ముచ్చటగా వస్తున్నాయి. మా ఎదురింటి టీచరుగారు కొని తెచ్చుకున్నారు. బిగించి నొక్కితే చుక్కచుక్కగా కారింది, అంతే! తప్పు తుపాకీది కాదు. ట్యాంకు పది మీటర్ల ఎత్తున ఉంటేనే చదరపు సెంటీమీటరుకి కిలో ఒత్తిడి వస్తుంది. ఒక అంతస్తు డాబా మీద ట్యాంకుకి అందులో సగం కూడా రాదు. ఆ తుపాకులు అంతకన్నా ఎక్కువ ఒత్తిడికి చేసినవి. మన డాబా ఇళ్ళకి పెద్ద చిల్లుల మూతే మంచిది. అదీ లేకపోతే బొటనవేలు ఎలాగూ ఉండనే ఉంది.

మందు చల్లే డబ్బా విషయంలోనూ ఇంతే. పొలంలో వీపుకి తగిలించుకునే పదహారు లీటర్లది పెరటికి ఎందుకండీ? ఒకటి రెండు లీటర్ల చేతిపంపు చాలు. వేపనూనె లీటరు నీళ్ళకి అయిదు మిల్లీలీటర్లు, కాస్త సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట చల్లితే సరి.

పచ్చిక ముచ్చట

ఇక ఆ అట్టపెట్టె సంగతి. కడియం నర్సరీల నుంచి పలకలుగా తెప్పించి పరిచే పచ్చిక ఇప్పుడు చిన్న ఊళ్ళకీ వచ్చేసింది. ఇంటి ముందు కాస్త పచ్చదనం ఎవరికి చేదు? పైగా పచ్చికలకి వాడే గడ్డిలో ఒక ముఖ్యమైన రకం, మనం వినాయకచవితికి వెతుక్కునే గరికే! మామిడిచెట్టు నీడలో మాత్రం అది బతకదు, ఎండ కావాలి.

గడ్డి కోసే యంత్రానికి పుట్టిల్లు ఇంగ్లండులోని స్ట్రౌడ్ అనే ఊరు. అక్కడి బట్టల మిల్లుల్లో ఉన్ని గుడ్డ మీద లేచిన నూగుని సమంగా కత్తిరించే యంత్రం ఉండేది. దాన్ని చూసి ఎడ్విన్ బడ్డింగ్ అనే ఇంజనీరు, గడ్డినీ ఇలాగే కోయొచ్చు కదా అనుకుని 1830లో పేటెంటు తీసుకున్నాడు. తోసుకుంటూ వెళితే గుండ్రంగా తిరిగే అలుగులు, కింద ఉన్న పట్టీకి ఆనించి గడ్డిని కత్తెరలా కోస్తాయి. ఇప్పటికీ దొరికే చేతి మిషను ఆ పద్ధతిదే. కరెంటూ పెట్రోలూ అక్కర్లేదు, మోతా ఉండదు.

ముప్ఫయ్ నలభై గజాల లోపు పచ్చికకి ఇదే సరిపోతుంది. పది గజాలే ఉంటే పొడుగాటి అలుగుల పెద్ద కత్తెరతో ఆదివారం అరగంట పని. వందల గజాలుంటేనే కరెంటుదో పెట్రోలుదో ఆలోచించాలి. కరెంటుది వాడేవాళ్ళు మూడు సంగతులు మరిచిపోవద్దు. తడి గడ్డి మీద నడపొద్దు. తీగని ఎప్పుడూ వెనక్కి, భుజం మీదుగా వేసుకోవాలి. షాకు తగలగానే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్చి ఇంట్లో లేకపోతే ముందు అది పెట్టించాలి. అలుగులో గడ్డి ఇరుక్కుంటే ప్లగ్గు పీకాకే వేలు పెట్టాలని వేరే చెప్పాలా?

ఏ మిషనైనా గడ్డి ఎత్తులో మూడోవంతుకి మించి ఒక్కసారే కోయకండి. గుండు కొట్టినట్టు కోస్తే వేళ్ళు నీరసించి, ఆ ఖాళీలో తుంగ దిగుతుంది. వానాకాలంలో వారం పది రోజులకోసారి, చలికాలంలో నెలకోసారి కోసినా చాలు. నన్నడిగితే, నాలుగు ఇళ్ళవాళ్ళు కలిసి ఒక చేతి మిషను కొనుక్కోవడం తెలివైన పని. వారమంతా మూల పడి ఉండేదానికి ఇంటికొకటి దేనికి?

కడిగి తుడిచి...

వాడిన పనిముట్టుని మట్టితో సహా గోడకి ఆనించి వచ్చేస్తాం. అట్లకాడని అలా వదిలేస్తామా? కడిగి, పొడిగుడ్డతో తుడిచి, నూనె గుడ్డతో ఓసారి అద్దితే తుప్పు రాదు. ఓ పాత బకెట్‌లో ఇసుక పోసి, వాడేసిన నూనె కలిపి ఉంచుకుంటే ఇంకా సుఖం. బొరిగ, చేతిపార అందులో నాలుగుసార్లు గుచ్చి తీస్తే శుభ్రపడతాయి, నూనే అంటుకుంటుంది. కామలకి ఏడాదికోసారి అవిసెనూనె పట్టించండి. పార అంచుకి ఆకురాయి, కత్తెరకి సానరాయి. సైకిలు మీద సాన పట్టే అతను వీధిలోకి వచ్చినప్పుడు కత్తిపీటతో పాటు కత్తెర కూడా ఇచ్చేయండి. ఇవన్నీ గుర్తుండకపోతే దసరా ఆయుధపూజ రోజునైనా బయటికి తీయండి. బొట్టు పెట్టే ముందు కడగాలి కదా!

పళ్ళున్న పనిముట్లని పళ్ళు గోడవైపు ఉండేటట్టు మేకులకి తగిలించాలి. పిల్లల ఇల్లయితే మేకు పైకి ఉండాలి. చిన్నవాటి పిడికి ఎర్ర గుడ్డపీలిక కట్టుకుంటే గడ్డిలో పడ్డా కనిపిస్తాయి. ఇంకో సంగతి. తుప్పు మేకు గుచ్చుకుంటేనే ధనుర్వాతం వస్తుందని భ్రమపడతారు చాలామంది. ఆ క్రిములు ఉండేది మట్టిలో, పెంటలో. మెరుస్తున్న కొత్త కత్తెరతో తెగినా, మట్టి చేయి కాబట్టి ప్రమాదమే. గాయం లోతైనదై, టీకా వేయించుకుని అయిదేళ్ళు దాటితే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే.

ఇంతకీ మా పిన్ని ఏం కొంది? చిన్న పార, పొడుగు కర్ర గుద్దలి, సన్న బొరిగ, చేతికి పట్టే కత్తెర, మడిచే రంపం, అయిదు లీటర్ల క్యాన్లు రెండు. అంతే. బాబాయి పారని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు, నూనె రాసి అదే మేకుకి తగిలించింది. చెయ్యి నెమ్మదించాక రోజూ పొద్దున్న ఓ అరగంటే, ఒక పాదు, ఒక కొమ్మ చొప్పున పని మొదలుపెట్టింది. కరెంటు మిషను, ఇంటి చుట్టూ పెద్ద ఖాళీ స్థలం ఉన్న పై వీధివాళ్ళు కొనుక్కున్నారు. కొడుకు ఫోన్లో "అదేంటమ్మా!" అని చిన్నబుచ్చుకుంటే, "నీకు జామకాయలు కావాలా, మిషను కావాలా?" అందట.

మొన్న సంక్రాంతికి వెళ్ళాను. మేస్త్రి మాట ఎత్తనేలేదు. తిరిగి వచ్చేటప్పుడు కరివేపాకు కోసిస్తుందేమో అని నిలబడితే, కత్తెర నా చేతిలో పెట్టింది. "నువ్వే కోసుకో. కంటికి పైన, ఏటవాలుగా!"